వర్జీలియా పాడని నలభై రోజులు

ఆ ఏడు ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలమంతా వర్జీలియా ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. తుడిచిన వాకిలే మళ్ళీ తుడిచేది. కర్రపెండలం తురుముతూ సగంలో లేచి రోడ్డు దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో తనకే గుర్తురాక తిరిగొచ్చేది. పెనం మీద రొట్టె మాడిన వాసన కొండ దిగువనున్న మా ఇంటి దాకా వచ్చేది. యాభై ఏళ్ళుగా రొట్టెలు కాలుస్తున్న మనిషి చేతిలో రొట్టె మాడుతోందంటే ఆ మనసు ఎక్కడ తిరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె పెద్దకొడుకు లీనస్‌కి నేను జ్ఞానతల్లిని. అలాంటి వరసున్న ఆడవాళ్ళు మా దీవిలో ఒకరినొకరు మకుమే అని పిలుచుకుంటారు. లీనస్‌కి బాప్తిస్మం ఇచ్చిన రోజు నుంచి ఆమె నాకు మకుమే, నేను ఆమెకి మకుమే. పేర్లు పెట్టి పిలుచుకోవడం ఎప్పుడో మరిచిపోయాం.

మా సెయింట్ లూసియాలో పూల సంఘాలు రెండు. రోజ్ సంఘం, మార్గరీట్ సంఘం. ఏ ఇంట్లో పుట్టినా ఏదో ఒక పువ్వు వైపు ఉండాలి. మా ఊరు మోర్న్ సిట్రాన్‌లో మా వీధి మార్గరీట్ వీధి. సంఘానికి రాజు, రాణి, జడ్జి, పోలీసు అందరూ ఉంటారు. వారమంతా రోడ్డు పనిలో రాళ్ళు మోసిన ఒగుస్తాన్, సంఘం కూర్చున్న పూట రాజుగారు. ఆ పూట ఆయన ముందు మోకాలు వంచకుండా నడిస్తే జడ్జి జరిమానా వేస్తాడు. అయితే రాజుగారు లేకపోయినా సంఘం కూర్చుంటుంది గానీ, షాంట్‌వెల్ లేకపోతే కూర్చోదు. పాట ఎత్తుకునేది ఆమె. మిగిలిన మేమంతా వంతలు.

వర్జీలియా తల్లి యూఫ్రాజీ షాంట్‌వెల్. ఆమె పోయాక పందొమ్మిదో ఏట వర్జీలియా ఆ కుర్చీలో కూర్చుంది. చదువు మూడో తరగతి. పాట కాగితం మీద పెట్టి ఎరగదు. తురుము పీట మీద చెయ్యి ఆడుతుంటే మాట దొరికేది. దొరికిన మాటని నోట్లోనే ఉంచుకుని గబగబా మా పెరట్లోకి వచ్చి, "మకుమే, వంత అందుకో" అనేది. నేను బట్టలు ఉతుకుతూ అందుకునేదాన్ని. నా నోట్లో వంత సుఖంగా కూర్చుంటే ఆ పాట బతికినట్టు. కూర్చోకపోతే అక్కడే వదిలేసేది, మళ్ళీ ఎత్తేది కాదు. తుపానులో వంతెన కొట్టుకుపోయినప్పుడు ఒకటి కట్టింది. వాన రోజుల్లో వాగు దాటి పురుళ్ళు పోసిన మంత్రసాని మీద ఒకటి. అలాంటివి నలభైకి పైనే ఉన్నాయి, అన్నీ ఆమె తలలో. మొదటి రొట్టె ఎప్పుడూ చూపులేని మా పక్కింటి ముసలాయన కిటికీలో పెట్టి, రెండో రొట్టె నుంచి అమ్మేది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మాకు కనబడేది, అంతే.

క్రిస్మస్ ముందు ఆమె గొంతు కింద నిమ్మకాయంత గడ్డ తేలింది. రాజధాని కాస్ట్రీస్‌లో పెద్ద డాక్టరు చూసి, ఈస్టర్ వెళ్ళిన బుధవారానికి కోత రాశాడు. మంచివాడు, దాచకుండా చెప్పాడట. గడ్డ తీస్తే ప్రాణానికి భయం లేదు, కానీ గొంతు పలికించే నరం దాని పక్కనే ఉంది, తర్వాత మాట వస్తుంది, పాట సంగతి మాత్రం చెప్పలేను అన్నాడట. వర్జీలియా ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. కడిగిన గిన్నెలే.

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం అయిన రెండో వారంలో సర్కారు సంగీత విభాగం నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు జెనీల్ మాతురిన్. ఎండలో కొండెక్కి ఆయాసపడుతుంటే వర్జీలియా పాక ముందు బల్ల మీద కూర్చోబెట్టి, అరిటాకులో వేడి రొట్టె పెట్టింది. ఆ పిల్ల సగం రొట్టె తిన్నాకే సంగతి ఎత్తింది. దీవి పాటలన్నీ రికార్డు చేయించాలని, కట్టినవాళ్ళ పేరున వాటిని రాయించాలని సర్కారు పూనుకుందట. అలా రాయించితే రేపు ఏ హోటల్లో, ఏ రేడియోలో మోగినా కట్టినవాళ్ళకి దక్కాల్సింది దక్కుతుందట. పాత సంఘాలకి ముందు చోటు ఇచ్చారట.

"జనవరిలోనే ఉత్తరం రాశాం తాంతీ. మీ సంఘం నుంచి జవాబే లేదు" అంది. తాంతీ అంటే మా దీవిలో పెద్దమ్మ.

నేను వెళ్ళి రాజుగారిని పిలుచుకొచ్చాను. ఆయన టోపీ తీసి, చెమట తుడుచుకుని, చాలా మర్యాదగా చెప్పాడు. "వచ్చిందమ్మా. భద్రంగా ఉంది."

"చదివారా?"

"సంఘం పేరున వచ్చిన కాగితం సంఘం కూర్చున్నప్పుడే విప్పాలి. పెట్టెలో పెట్టాం."

"సంఘం ఎప్పుడు కూర్చుంటుంది?"

"జూలైలో."

జెనీల్ రొట్టె పక్కన పెట్టేసింది. మా పెట్టెకి మూడు తాళాలు. ఒకటి రాజుగారి దగ్గర, ఒకటి రాణి దగ్గర, ఒకటి జడ్జి దగ్గర. ముగ్గురూ ఉంటేనే అది తెరుచుకుంటుంది. రాణి సంతకి వెళ్ళింది, జడ్జి పడవలో ఉన్నాడు. వాళ్ళిద్దరూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పెట్టె తెరిస్తే రాణి కిరీటం మీద ఉత్తరం తెల్లగా ఉంది, అంచు కూడా నలగలేదు. తను రాసిన ఉత్తరాన్ని తనే విప్పి, తనే పైకి చదవాల్సొచ్చింది ఆ పిల్లకి. ఎవరూ నవ్వలేదు. రాజుగారు ప్రతి వాక్యానికీ తలూపాడు, అప్పుడే వింటున్నాడు గదా.

పాటలు ఎంచుకోండి, తేదీ చెప్పండి, మార్చి ముప్పై ఒకటిలోగా రికార్డు అయిపోవాలి, అని ఉంది అందులో. అది దాటితే మా కోసం పక్కన పెట్టిన సొమ్ము వెనక్కి పోతుందట. వచ్చే మంగళవారం రికార్డు వ్యాను ఖాళీగా ఉందని జెనీల్ చెప్పింది.

రాణి అంది, "ఇది తపస్సు కాలం తల్లీ."

ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మా అమ్మమ్మ బతికుంటే నా చెవి మెలిపెట్టేది. ఈ రోజుల్లో ఆవిడ రేడియో కూడా ముట్టుకోనిచ్చేది కాదు. పైన తేదీలు వేసేవాళ్ళకి అమ్మమ్మలు లేరనుకుంటా."

విభూది బుధవారం నుంచి పాస్కా దాకా, అంటే ఈస్టర్ దాకా, మా సంఘంలో ఎవరూ పూల పాట ఎత్తరు. డోలు గోడకి తిప్పి పెడతారు. వర్జీలియాకి అది ఆచారం ఒక్కటే కాదు. లీనస్ ఏడు నెలల వాడై జ్వరంలో పడి చూపు నిలబెట్టేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె నేల మీద కూర్చుని, "స్వామీ, వీణ్ణి ఉంచు. ఏటా నలభై రోజులు నా గొంతు నీది" అంది. తెల్లారేసరికి వాడు పాలు తాగాడు. ఆ తర్వాత ఏ తపస్సు కాలంలోనూ ఆమె నోట పాట నేను వినలేదు. కూనిరాగం కూడా.

రాజుగారు ఫాదర్ క్లెటస్‌గారి దగ్గరికి వెళ్ళాడు. ఫాదర్‌గారు మా మీద ప్రేమతో తనే నడిచి వచ్చారు. క్రైస్తవ శ్రీసభ దీన్ని నిషేధించలేదని, మార్చి పంతొమ్మిదిన పునీత జోజప్పగారి పండగ ఉందని, తపస్సు కాలంలో ఆపేసిన మహిమ గీతం ఆ రోజు పూజలో గుడివాళ్ళం మేమూ పాడతామని, అప్పుడు పాడుకోండని చెప్పారు. అందరం వర్జీలియా వంక చూశాం.

ఆమె ఆయనకి కోకో టీ కప్పు అందించి మెల్లగా అంది. "మీరు వద్దంటే మానేసింది కాదు కదా ఫాదర్‌గారూ, మీరు సరేనంటే మొదలెట్టడానికి."

ఆయన టీ తాగారు. "నిజమేనమ్మా" అన్నారు. వెళ్ళేటప్పుడు ఆమె తల మీద చెయ్యి పెట్టారు, చాలాసేపు.

అప్పటినుంచి మొదలైంది ఆ తిరుగుడు. ఊళ్ళో కొందరు పాడమన్నారు, కొందరు వద్దన్నారు. బస్సు నడిపే లీనస్ బండి ఆపుకుని మరీ వచ్చి, నేను బతికే ఉన్నాగా, పిల్లల తండ్రిని కూడా అయ్యాను, ఆ మాట తీరిపోయిందనుకో అమ్మా అని బతిమాలాడు. ఆమె వాడికి అన్నం పెట్టి పంపేసింది. ఆమె తురమాల్సిన దుంపల్ని ఇరుగు పొరుగు ఆడవాళ్ళు ఏదో పని ఉన్నట్టు వచ్చి తురిమి పోయేవారు. ఎవరూ పైకి అనలేదు. గోనెసంచి పొద్దున్న నిండుగా ఉండేది, సాయంత్రానికి ఖాళీ.

ఒకరోజు పెద్ద ఎండవేళ పిలవడానికి వెళితే పాక తలుపు మూసి ఉంది. చెక్కల సందులోంచి చూశాను. చూడకూడదు, కానీ చూశాను. గడ్డ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. వంత రావాల్సిన చోట ఆగుతోంది, మళ్ళీ ఎత్తుకుంటోంది. వంతెన పాట అని పెదవుల్ని బట్టే తెలిసింది. నేను తలుపు తోశాను.

"పాడలేదు మకుమే" అంది.

"తెలుసు."

"పాడబోయాను."

"అదీ తెలుసు."

ఆమె తురుము పీట మీద కూర్చుంది, వెంటనే లేచింది. "మాట నిలబెడితే పాటలు పోతాయి. పాటలు నిలబెడితే ఆ స్వామి ఏమీ అనడు. నాకు తెలుసు, ఏమీ అనడు. అదే నా బాధ. అనేవాడైతే బాగుండేది."

చీపురు తీసుకుని ఆమె తుడిచిన నేలే నేనూ తుడిచాను.

పాస్కాకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి కాస్త ముందు రోజ్ సంఘం షాంట్‌వెల్ ఆనెస్తీన్ కొండెక్కి వచ్చింది. ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఒకరి మీద ఒకరు పాటలు కట్టుకుంటున్నారు. చేతిలో తేనె సీసా ఉంది. గుమ్మంలోనే మొదలెట్టింది. "మాకూ వచ్చింది ఆ ఉత్తరం. మేం దారిలోనే చింపి చదివేశాం. జనవరి ఆఖరుకల్లా పాడేశాం కూడా. ఏమే, మీ పెట్టెకి కూడా ఉపవాసమేనా?"

వర్జీలియా నవ్వింది. ఎన్ని రోజులకో. "మా కిరీటం మీద కూర్చుంది మీ సర్కారు ఉత్తరం. మీకు కిరీటమూ లేదు, పెట్టే లేదు, ఎక్కడ దాస్తారు పాపం" అంది.

తేనె అల్లంలో కలిపి పొద్దునా సాయంత్రం మింగమని ఆనెస్తీన్ చెప్పింది. మెట్లు దిగుతూ ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "నువ్వు పాడకపోతే నేను ఎవరి మీద కట్టాలే?"

ఆమె వెళ్ళాక నేను గుడి క్యాలెండర్ ముందు నిలబడ్డాను. పాస్కా ఆ ఏడు ముప్పై ఒకటినే పడింది. అది అందరికీ తెలుసు. పవిత్ర వారం సెలవులకి ఆఫీసు గురువారమే మూతపడుతుందనీ ఉత్తరంలోనే ఉంది. అందుకే ఎవరం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ తపస్సు కాలం ముగిసిన రోజూ, మార్చి ముగిసే రోజూ ఒకటే. మధ్యలో ఒక్క పగలుంది. దుకాణంలో ఫోను అడిగి జెనీల్‌తో మాట్లాడాను. పాస్కా రోజునే పాడితే చెల్లుతుందా అని అడిగాను, సర్కారు వాళ్ళతో అంతకుముందు ఎప్పుడు మాట్లాడాను గనక.

ఆ రోజు వ్యాను లేదంది ఆ పిల్ల, మనిషి లేడంది. రేపు చెబుతానంది. ఆ రేపంతా వర్జీలియా కొండ మీదికీ కిందికీ ఎన్నిసార్లు తిరిగిందో. సాయంత్రం దుకాణం వాడు మమ్మల్ని కేకేశాడు. రికార్డు మీద తేదీ మార్చిలో ఉంటే చాలని పైవాళ్ళు ఒప్పుకున్నారట. గురువారం ఆఫీసు మూసేముందు రికార్డు చేసే యంత్రాన్ని సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంటానని, గుడిలో మైకులు చూసే తన పిన్ని కొడుకు వస్తాడని, పాస్కా పూజ అవగానే బయల్దేరతామని జెనీల్ చెప్పింది.

వర్జీలియా ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "వద్దు తల్లీ. నీ పండగ నాకెందుకు? మీ అమ్మ నీకోసం వండి కూర్చుంటుంది."

అవతల ఏమందో నాకు వినబడలేదు. వర్జీలియా ఫోను పెట్టేసి, "వాళ్ళమ్మ కూడా వస్తుందట. కుండతో సహా" అంది. ఇంటికి నడుస్తూ దారిలో మూడుసార్లు ఆగింది. ఇన్నేళ్ళూ నాదే ఇచ్చానుగానీ ఇంకొకళ్ళది తీసుకోలేదు మకుమే, అంది. ఇచ్చేవాళ్ళని ఇవ్వనియ్యి, అన్నాను. ఆ ఒక్క మాటా నాకు ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

పాస్కా పూజ నుంచి తిన్నగా బడి గదికి వెళ్ళాం. మైకుల కుర్రాడు కిటికీలకి దుప్పట్లు కట్టాడు, కోళ్ళని తోలాడు. రాజుగారి ఛాతీ మీద పతకాలు గలగలమంటున్నాయి, తీసేయమని అడిగాడు. రాజు పతకాలు లేకుండా కూర్చోడని ఒగుస్తాన్ చెప్పాడు. చివరికి ఊపిరి పీల్చేటప్పుడు తప్ప కదలకూడదని ఒప్పందమైంది. జెనీల్ తల్లి కుండ దించి, రాజుగారి ముందునుంచి మోకాలు వంచకుండా నడిచిపోయింది. మా పోలీసు ఆమెని పట్టుకుని జడ్జి ముందు పెట్టాడు. రెండు కోడిగుడ్లు జరిమానా పడింది. ఆమె నవ్వీ నవ్వీ వంతల బల్ల మీద నా పక్కనే కూర్చుంది.

వర్జీలియా లేచి నిలబడింది. నలభై రోజులు మూసి ఉంచిన గొంతు. మొదటిమాట తుప్పు పట్టిన గడియలా వచ్చింది. ఆగి, తేనె మింగి, మళ్ళీ ఎత్తుకుంది. ఎప్పుడూ ఎత్తే చోట కాదు, చాలా కిందనుంచి. యాభై ఏళ్ళుగా మా వంతలు ఒకచోట కూర్చోవడానికి అలవాటు పడ్డాయి. ఆమె కోసం అందరం కిందికి దిగాం. అంత కింద పాడితే మాకే మా గొంతులు మగవాళ్ళవిలా వినబడ్డాయి. జెనీల్ తల్లి కూడా దిగింది, చెప్పకుండానే.

మొదటి పాట నిలబడింది. రెండోది, మంత్రసాని పాట, మొదటిదానికన్నా బాగా నిలబడింది. మూడోది వంతెన పాట. అందులో ఆమె నాలుగో చరణం తెచ్చి రెండో చరణం చోట పెట్టేసింది. సగంమంది ఒక వంత అందుకున్నాం, సగంమంది ఇంకొకటి. పాట చెదిరిపోయింది. అయినా ఆమె చివరిదాకా లాక్కెళ్ళింది. ఇంకోసారి పాడొచ్చని ఆ కుర్రాడు చెప్పేలోపే రేకుల మీద వాన పడింది. దుప్పట్లు తడిసి కిటికీలకి అంటుకుపోయాయి. ఆ వానలో అరగంట సేపు వర్జీలియా ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తూనే ఉంది.

వాన తగ్గాక తల్లి యూఫ్రాజీ పాట ఎత్తుకుంది. అది చిన్నది, ఆయాసం లేకుండా అయింది. ఆ తర్వాత జెనీల్ కాగితాలు తెచ్చింది. కట్టినవారి పేరు రాయాలట. నాలుగోదానికి మా అమ్మ పేరు రాయి అంది వర్జీలియా. పోయినవాళ్ళ పేరు రాయొచ్చా అంటే రాయొచ్చంది జెనీల్. మిగిలిన మూడింటికీ తన పేరు చెప్పి, నా వంక చూసి, "వంతలకి గడి లేదా ఈ కాగితంలో?" అని అడిగింది. గడి లేదు. జెనీల్ అంచున పెన్నుతో మా అందరి పేర్లూ రాసుకుంది. చెల్లుతుందో లేదో తెలియదంది.

"మూడోది మళ్ళీ పాడతాను" అంది వర్జీలియా.

రాజుగారు కుర్చీలోంచి దిగి వచ్చాడు. పతకాలు గలగలమన్నాయి. "చాలు వర్జీలియా. బుధవారం ఆసుపత్రికి వెళ్ళాలి."

"బుధవారం దాకా ఇది నాదేగా" అంది. నిలబడింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది, పాట రాలేదు. రెండోసారి కూడా గాలే. మేం వంతలం అలాగే కూర్చున్నాం. షాంట్‌వెల్ మాటని వంతలు ఎత్తుకోకూడదు, అది మా కట్టు. మా నోళ్ళలో ఆ పాట మొత్తం ఉంది, అయినా కూర్చున్నాం. అప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కుర్చీలోకి దిగింది. జెనీల్ తల్లి కుండ మూత తీసి, ఉప్పుచేప, కూరపనస ముందు ఆమెకే వడ్డించింది.

బుధవారం లీనసూ నేనూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గమనించి ఒక నర్సు తన డబ్బాలోని రొట్టె తెచ్చిచ్చింది. కోత బాగా అయిందని డాక్టరు చెప్పాడు. ఆరువారాలు మాట్లాడకూడదన్నాడు.

మూడో వారంలో జెనీల్ దుకాణానికి ఫోను చేసింది. నాలుగు పాటలూ చెల్లాయి, పేర్లు నమోదయ్యాయి, అంచున రాసిన పేర్లు కూడా ఎవరూ కొట్టేయలేదు. మే నెలలో రేడియోలో వేస్తారట. నేను కొండ పరుగున ఎక్కి ఆ సంగతి చెప్పాను. వర్జీలియా మెడకి గుడ్డ చుట్టుకుని రొట్టెలు కాలుస్తోంది. విని తలూపింది. పిండి చేతులు తుడుచుకుని, లీనస్ పిల్లల నోటు పుస్తకం లాక్కుని, మూడో తరగతి అక్షరాల్తో మెల్లగా రాసి నాకిచ్చింది.

"మూడోది బాలేదు. వేయొద్దను. అక్టోబర్లో మన పూల పండగకి మళ్ళీ పాడతానను."

పాడే గొంతు వస్తుందో రాదో డాక్టరే చెప్పలేనన్నాడు. నేను ఆ కాగితం జేబులో పెట్టుకుని మళ్ళీ దుకాణానికి దిగాను, ఫోను చేయడానికి.